చింతపిక్కల జిగురు ఒంటి వేడికి జెల్ ఎలా అవుతుంది?

మొక్కల్లోంచి తీసిన పాలీశాకరైడ్లు (చక్కెర అణువులు గొలుసుగా కలిసిన పదార్థాలు) వాటంతట అవే జెల్‌గా ఎలా గడ్డకడతాయి, మందుల్లో వాటి మీద అంత ఆసక్తి ఎందుకు అని అడిగారు. నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చింతపిక్కల జిగురు మీదే కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తాను.

కొండపల్లి బొమ్మలకు చేతులూ కాళ్లూ అతికించే మక్కును రంపపు పొట్టు, చింతపిక్కల పొడి కలిపి చేస్తారు కదా. ఆ పొడిలో జిగురంతా జైలోగ్లూకాన్ అనే పదార్థానిది. దాని నడిమి గొలుసు సెల్యులోజ్‌లో ఉండే గ్లూకోజ్ గొలుసే. సెల్యులోజ్ గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి కాబట్టే దూది నీళ్లలో కరగదు. జైలోగ్లూకాన్‌కు మాత్రం పొడుగునా జైలోజ్ అనే చక్కెర కొమ్మలుంటాయి, కొన్ని కొమ్మల చివర గెలాక్టోజ్ అనే మరో చక్కెర ఉంటుంది. ఇవి అడ్డుపడి గొలుసులను దగ్గరికి రానివ్వవు. అందుకే వట్టి నీళ్లలో ఉడికిస్తే చిక్కబడుతుందే తప్ప జెల్ కాదు.

బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్‌తో ఆ గెలాక్టోజ్‌లో మూడోవంతుకు కాస్త పైగా తీసేస్తే కథ మారిపోతుంది. వేడి తగలగానే గొలుసులు పక్కపక్కన చేరి, మధ్యలో నీళ్లను పట్టి ఉంచే వల అల్లుకుంటాయి. సముద్రపు నాచు నుంచి తీసే అగర్ చల్లారితే గడ్డకడుతుంది, ఇది వెచ్చబడితే గడ్డకడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వంచితే ద్రావణం ఇటూ అటూ జారుతుంది. దాన్నే 37 డిగ్రీల వాటర్ బాత్‌లో ఉంచి తలకిందులు చేస్తే చుక్క కూడా కిందికి రాదు. ఐసులో పెడితే మళ్లీ ద్రవమే. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటగానే ఉండేది.

కంటి మందుకు ఈ గుణం ఎంతో అవసరం. వేసిన చుక్కలో కంట్లో నిలిచేది సుమారు 30 మైక్రోలీటర్లే (మైక్రోలీటరంటే మిల్లీలీటరులో వెయ్యోవంతు). మిగిలింది చెంప మీదికి కారిపోతుంది, లేదా ముక్కులోకి దిగి గొంతులో చేదుగా తగులుతుంది. చుక్కగా పడి, కంటి వేడికి జెల్‌గా మారితే మందు ఎక్కువసేపు నిలుస్తుంది.

గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌ది వేరే పద్ధతి. దానికి వేడి అక్కర్లేదు, కాల్షియం అయాన్లు రెండు గొలుసుల మధ్య ఇరుక్కుని ముడేస్తాయి. కాల్షియం ఆల్జినేట్ డ్రెస్సింగ్‌ను పుండు మీద వేస్తే, రసిలోని సోడియం ఆ కాల్షియం చోటులోకి వచ్చి పోగులు మెత్తటి జెల్‌గా ఉబ్బుతాయి.

రెండింట్లోనూ గ్లూటరాల్డిహైడ్ లాంటి విషపు రసాయనంతో గొలుసులను కట్టాల్సిన పని లేదు. నా దృష్టిలో వీటి అసలు విలువ అదే. కానీ ఆ ముడులు తేలిగ్గా పడినట్టే తేలిగ్గా విడిపోతాయి కూడా. ఒంట్లో కాల్షియం జారిపోయేకొద్దీ ఆల్జినేట్ జెల్ వదులవుతుంది. విడిపోయిన ఆ గొలుసులను తెగ్గొట్టే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. కాబట్టి పైపూతకు, లోపల పెట్టే ఇంప్లాంట్‌కు ఒకే లెక్క పనికిరాదు.

మీరు ప్రాజెక్టుగా మొదలుపెడుతుంటే ఒక మాట. చెట్టు నుంచి వచ్చే సరుకు లాట్ లాట్‌కీ మారుతుంది, ప్రతి లాట్ చిక్కదనం కొలిచి రాసుకోండి. పొడిని ముందు కొద్దిగా ఆల్కహాల్‌తో తడిపి నీళ్లలో కలిపితే ఉండలు కట్టదు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పరికరం) 121 డిగ్రీల వేడికి గొలుసులు తెగి జెల్ బలం తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి, బలం పరీక్ష స్టెరిలైజ్ చేశాకే చేయండి.