రూటర్ ఆర్డర్ పెట్టే ముందు మిద్దె ఎక్కి చూడమ్మా

శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. బెంగళూరు ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోమన్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఎర్రగుంట్ల దాటి మన ఊళ్ళోకి ఫైబర్ ఇంకా రాలేదు కాబట్టి, సిమ్ వేసే రూటరే నీకు దారి. ఆన్‌లైన్‌లో ఒకటి చూసి పెట్టుకున్నావట. రెండు రోజులు ఆగు తల్లీ.

డబ్బా మీది స్పీడు చూసి కొనొద్దు. క్యాట్ అంటే 4జీ రూటర్ల స్పీడు తరగతి. క్యాట్ 4 రూటర్‌ మీద 150 ఎంబీపీఎస్, క్యాట్ 6 మీద 300 అని ఉంటుంది. అది రూటర్ అందుకోగలిగిన గరిష్ఠం. నీ చేతికొచ్చేది మాత్రం టవర్ ఇచ్చినంతే. ముందు అది తేల్చుకో. జియో, ఎయిర్‌టెల్ సిమ్‌లు రెండూ ఫోన్‌లో వేసి ఇల్లంతా తిరుగు. సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. అది మైనస్ అంకె, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 85 అయితే బాగున్నట్టే, మైనస్ 110 దాటిందంటే మీటింగ్ మధ్యలో ఆగిపోతుంది. స్పీడు పరీక్ష నీ మీటింగుల వేళ ఒకసారి, రాత్రి ఊరంతా ఫోన్లు పట్టుకున్న వేళ ఒకసారి చెయ్యి.

మన ఇంటివి రాతి గోడలు. పండక్కి వచ్చినప్పుడు చూశాను, నడిమింట్లో మైనస్ 114, మిద్దె మెట్ల గదిలో మైనస్ 90. ఎంత ఖరీదైన రూటర్ తెచ్చినా నడిమింట్లో పెడితే దండగే. మెట్ల గదిలో పెట్టి, అక్కడినుంచి లాన్ కేబుల్, అంటే రూటర్ నుంచి కంప్యూటర్‌కు నెట్ తెచ్చే తీగ, కిందికి దించు. లాన్ కేబుల్ వంద మీటర్ల వరకు ఇబ్బంది పెట్టదు. యాంటెన్నా కేబుల్ అలా కాదు, పొడుగయ్యేకొద్దీ సిగ్నల్‌ను తినేస్తుంది. కాబట్టి నువ్వు కొనేదానికి లాన్ పోర్టు, బయటి యాంటెన్నా బిగించే సాకెట్లు రెండు తప్పకుండా ఉండాలి. రూటర్ పైకి కనిపించే యాంటెన్నా కొమ్ములన్నీ విప్పి మార్చేవి కావు, అడిగి తెలుసుకో. ఇంకో సంగతి, చాలా రూటర్లు 40 డిగ్రీల వరకే అని రాసుంటాయి. కడప ఎండలు తెలుసు కదా. ఏప్రిల్ వచ్చేసరికి మెట్ల గది కాగిపోతే, యాంటెన్నా పైన ఉంచి, రూటర్‌ను దాని కిందే నీడలోకి మార్చు.

తర్వాత బ్యాండ్లు చూడు, అంటే టవర్ సిగ్నల్ పంపే ఫ్రీక్వెన్సీలు. ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. జియో 4జీకి 3, 5, 40 ఉండాలి. 1, 8 కూడా ఉంటే ఎయిర్‌టెల్ వేసుకున్నా దిగులుండదు. 5వ బ్యాండ్ 850 మెగాహెర్ట్జ్‌ది, దూరం నుంచీ గోడల్లోంచీ బాగా వస్తుంది, మన ఊరికి అదే ముఖ్యం. విదేశీ సరుకు చవగ్గా దొరుకుతుంది కానీ, కొన్నిట్లో ఈ బ్యాండ్లే ఉండవు. ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ చేసినది అసలొద్దు. 5జీ రూటర్‌కు డబ్బు పెట్టడం, నీ ఫోన్‌లో ఇంటి దగ్గర 5జీ నిలకడగా వస్తేనే.

జేబులో పట్టే బ్యాటరీ హాట్‌స్పాట్ ప్రయాణాలకు మంచిదే. రోజంతా ఛార్జర్‌కే పెట్టి వాడితే మాత్రం ఆ వేడికి బ్యాటరీ ఉబ్బొచ్చు. నువ్వు గోడకు పెట్టుకునేదే తీసుకో. అడాప్టర్ 12 వోల్టులదైతే చిన్న డీసీ యూపీఎస్ ఒకటి కలుపు, కరెంటు పోయినా మీటింగ్ తెగదు.

డేటా లెక్క కూడా చూసుకో. వీడియో మీటింగ్ గంటకు ఒక జీబీ దాకా లాగుతుంది, రోజుకు 2 జీబీ ప్లాన్ మధ్యాహ్నానికే అయిపోతుంది.

ఏ మోడల్ అనుకుంటున్నావో, మూడు నాలుగు చోట్ల వచ్చిన అంకెలతో కలిపి వాట్సాప్ చెయ్యి. చూసి చెబుతాను.

పెదనాన్న