‘కగామి’యా, ‘కఙామి’యా?

ప్రశ్న: జపాన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగం కోసం జపనీస్ నేర్చుకుంటున్నాను. పాఠం ఆడియోలో అద్దాన్ని ‘కగామి’ అంటున్నారు. టోక్యో పెద్దావిడ ఒకరి వీడియోలో మాత్రం ఆ ‘గ’ ముక్కులోంచి వచ్చినట్టుంది. ఏది నేర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: పలకడానికి ‘కగామి’ చాలు. చెవికి మాత్రం రెండూ అలవాటు చేయండి, మీరు సేవ చేయబోయేది పెద్దవాళ్ళకే కదా.

ఆవిడ పలికింది ‘కఙామి’. మాట మధ్యలోని ‘గ’ను ముక్కుతో పలకడం టోక్యో పాతతరం అలవాటు. ఇప్పటి పిల్లలు ఎక్కువగా మామూలు ‘గ’ అనేస్తున్నారు. మీరూ పలికి చూస్తే చెవికి త్వరగా పట్టుబడుతుంది. ‘గంగ’ అంటూ సున్నా దగ్గర ఆగి, ఆ ధ్వనిని సాగదీయండి. అక్కణ్ణుంచి ‘గ’ రానీయకుండా నేరుగా ‘ఆ’లోకి వెళ్ళండి. నాలుక విడిపడకముందే ముక్కుదారి మూసుకుపోతే ‘కంగామి’ అయిపోతుంది. మనవాళ్ళు తడబడేది అక్కడే. మాట మొదట్లో ఈ ఙ రాదు. బడి ఎవరి నోటైనా ‘గక్కో’నే.

జపాన్ ఈశాన్యంలోని తోహోకు ప్రాంతానికి వెళ్తే ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడి పాతతరం మాట మధ్యలో ‘క’ను ‘గ’ చేస్తుంది. ‘కకి’ అనే పర్సిమన్ పండు ‘కగి’ అవుతుంది, ‘కగి’ అనే తాళంచెవి ‘కఙి’ అవుతుంది. అక్కడి అకితలో ఓ తాతగారు ‘కగి’ అడిగితే ఆయనకు కావలసింది పండు కావచ్చు. సిక్కోలు పల్లెల్లో ‘సెప్పు’ అనే అవ్వ పక్కనే ‘చెప్పు’ అనే మనవరాలు ఉన్నట్టు, ఆయన మనవలు మాత్రం పాఠంలో ఉన్నట్టే పలుకుతారు. బడి, 1925లో మొదలైన రేడియో, 1953లో వచ్చిన టీవీ కలిసి తెచ్చిన మార్పిది. తోహోకులోనే ఉన్న యమగత ప్రాంతపు త్సురుఓక పట్టణంలో 1950 నుంచి సుమారు ఇరవయ్యేళ్ళకోసారి సర్వే చేశారు. అక్షరాల ఉచ్చారణ త్వరగా ప్రామాణిక భాషవైపు జరిగింది, మాటలోని ఎత్తుపల్లాలు మాత్రం వెనకబడ్డాయి.

ప్రతిదీ వయసు లెక్కే అనుకోకండి. హిరొషిమా వైపు పెద్దవాళ్ళు కూడా మామూలు ‘గ’నే అంటారు. నైరుతిన ఉన్న క్యూషూ దీవి పెద్దల నోట, గురువు అనే ‘సెన్‌సెయ్’ ‘షెన్‌షెయ్’గా వినిపించవచ్చు. టోక్యో పాతపేటల్లో ‘హి’ ‘షి’ అవుతుంది. ఎడమ అనే ‘హిదరి’ని ‘షిదరి’ అంటారు. నొప్పి ఎక్కడో చెబుతున్నప్పుడు ఈ మాట వస్తే, ఆ వైపు చెయ్యి చూపించి ‘హిదరి దెస్ కా?’ (ఎడమవైపా?) అని అడిగి ఖాయం చేసుకోండి.