కలెక్టర్ దగ్గరికొచ్చిండు, సర్వేయరే రాలే

"జిల్లాలు పెంచితే పాలన జనానికి దగ్గరవుతదా, దానికి కేంద్రం పర్మిషన్ కావాలా?" అని అడిగిన్రు కదా. పర్మిషన్ గిర్మిషన్ ఏం అక్కర్లేదు, జిల్లా పూర్తిగా రాష్ట్రం చేతిల ముచ్చట. 2016 దసరా నాడు మన తెలంగాణల 10 జిల్లాలు 31 అయినయి, 2019ల ములుగు, నారాయణపేట కలిసి 33.

ఇగ దగ్గరైందా అంటే మా బాపు సంగతి చెప్తా వినండి. పొలం గట్టు పంచాయితీ ఉండె మాకు, పక్కాయన ఏడాదికింత జరుపుకుంట మా దిక్కు వచ్చేసిండు, కొలిపిద్దామంటే సర్వేయర్ దొరకడు. పాత జిల్లా ఉన్నప్పుడు (పేరెందుకు లెండి) సోమవారం ప్రజావాణికి (కలెక్టర్ జనం అర్జీలు తీసుకునేది) పోవాలంటే పొద్దుగాల ఫస్ట్ బస్సు, నడుమల ఇంకో బస్సు మారుడు, లైన్ల నిలబడేసరికి మధ్యాహ్నం. సారు అర్జీ మీద గ్రీన్ ఇంకుతోని రెండు ముక్కలు గీకి కింద సంతకం పెట్టిండు, తీరా చూస్తే అది మళ్లా మా తహసీల్దార్‌కే రాసిండు! కొత్త జిల్లా అయినంక కలెక్టరేట్ అరగంట దూరమే, ఏసీ హాలు, కూసోనీకి కుర్చీలు, కంప్యూటర్ రసీదు కూడా ఇచ్చిన్రు. అర్జీ మాత్రం మళ్లా అదే తహసీల్దార్ దగ్గరికి, ఆయన "సర్వేయర్ లేడు, రెండు మండలాలకు ఒక్కడే" అన్నడు. కలెక్టర్లు 33 మందైన్రు, భూమి కొలిచే గొలుసు పట్టేటోడు మాత్రం ఒక్కడే.

ఆంధ్రల ఇంకో తమాషా, 2022ల 13 జిల్లాలు 26 చేసిన్రు గానీ జడ్పీలు (జిల్లా పరిషత్తులు) పాత 13నే ఉంచిన్రు. అంటే ఆఫీసరు కొత్త జిల్లాకు, ఓటేసి గెలిపించుకున్న చైర్మన్ పాత జిల్లాకు.

కేంద్రం లేదన్న గానీ ఉద్యోగాల కాడ ఉంటది. రాజ్యాంగంల 371డి ఆర్టికల్ ప్రకారం ఉద్యోగాలకు ఎవరు లోకల్ అనేది రాష్ట్రపతి ఉత్తర్వులల్ల ఉండాలె. అందుకే 2017ల టీచర్ పోస్టులు 31 జిల్లాల లెక్కన ఇస్తే హైకోర్టు పాత 10 జిల్లాల లెక్కనే చెయ్యమన్నది. 2018ల కొత్త ఉత్తర్వులొచ్చినయి, 2021 డిసెంబర్‌ల 317 జీవో పెట్టి ఉద్యోగులను సీనియారిటీ లెక్కన కొత్త జిల్లాలకు పంచిన్రు. సీనియర్లు టౌన్లున్న జిల్లాలు పట్టుకున్నరు, జూనియర్లకు మిగిలినయే. మా వదిన టీచర్, అన్న కూడా టీచరే, ఇద్దరూ ఒకే పాత జిల్లాల సెలెక్ట్ అయినోళ్లు, జీవో వచ్చినంక ఆయనొక జిల్లా, ఆమెదొక జిల్లా. మొగుడుపెండ్లాలను ఒక్క జిల్లాకే మార్చమని స్పౌజ్ కేసు పెట్టుకోండి అన్నరు, పెట్టుకున్నరు, పిల్లలేమో మా అమ్మ దగ్గర చదువుకుంటున్నరు.