పిడుగు పడి కూలీ చనిపోతే కాంట్రాక్టర్ నష్టపరిహారం ఇవ్వాలా?

ప్రశ్న: లాయర్ గారూ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్న విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో రాడ్ బెండింగ్ పని చేసేవారు, రోజుకి 800 కూలీ. 2024 అక్టోబర్‌లో నాలుగో అంతస్తు స్లాబ్ మీద రాడ్లు కడుతుంటే పిడుగు పడి అక్కడికక్కడే పోయారు. ఆయనకి 45 ఏళ్లు. పోస్టుమార్టం అయింది, గవర్నమెంట్ 4 లక్షలు ఇచ్చింది. కాంట్రాక్టర్ 50 వేలు ఇచ్చి, ఇక ఏ గొడవా లేదని అమ్మతో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఇప్పుడడిగితే పిడుగు దేవుడి పని నాకేం సంబంధం అంటున్నాడు. నాకు 22, చెల్లికి పెళ్లి కాలేదు. ఏమైనా చెయ్యగలమా?

జవాబు: బాబూ, చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. ముందు ఆ దేవుడి పని సంగతి చూద్దాం. రాజస్థాన్‌లో సైట్‌లో పని చేస్తున్న ఒక కూలీ ఆవిడ పిడుగు పడి చనిపోతే అక్కడి ప్రభుత్వం కూడా అచ్చం ఇదే మాట పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2001 నాటి తీర్పుల సంకలనాల్లో (లా రిపోర్టుల్లో) ఉంది ఆ తీర్పు. కోర్టు ఏమందంటే పిడుగు ప్రకృతి వల్ల పడిందే, కానీ ఆవిడ ఆ పనిలో లేకపోతే ఆ టైంకి అక్కడ ఉండేది కాదు కదా, కాబట్టి పని ఇచ్చినవాళ్లే కట్టాలి అని. మీ నాన్నగారి కేసు ఇంకా బలమైనది, ఎందుకంటే ఉరుములు ఉరుముతుంటే చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తులో, పైకి లేచిన పిల్లర్ రాడ్ల మధ్య, చేతిలో ఇనుముతో నిలబెట్టి పని చేయించారు. అసలు మీకు వర్తించే 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంలో కాంట్రాక్టర్ తప్పు చేశాడని మీరు నిరూపించక్కర్లేదు, పనిలో ఉండగా ఆ పని వల్ల ప్రమాదం జరిగిందని చూపిస్తే చాలు.

వేలిముద్ర కాగితం గురించి భయపడకండి. ఈ చట్టం సెక్షన్ 8 ప్రకారం మనిషి చనిపోయినప్పుడు పరిహారం ఈ కేసులు చూసే లేబర్ శాఖ కమిషనర్ దగ్గరే డిపాజిట్ చెయ్యాలి, ఇంటికొచ్చి చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకి రాదు, మహా అయితే మూడు నెలల జీతం వరకు అడ్వాన్సు కింద పరిహారంలోంచి మినహాయిస్తారు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం సెక్షన్ 17 కింద చెల్లనే చెల్లదు. గవర్నమెంట్ 4 లక్షలు ఎక్స్‌గ్రేషియా, అది కాంట్రాక్టర్ జేబులోంచి రాలేదు, దాన్ని చూపించి ఆయన తప్పించుకోలేడు.

ఎంత రావాలి? నెలకి 25 రోజులు పని అనుకున్నా 20 వేలు, కానీ లెక్కకి తీసుకునే జీతం 15 వేలు దాటదు. అందులో సగం 7,500, దాన్ని చట్టం పట్టికలో 45 ఏళ్ల వయసుకి ఇచ్చిన అంకె (ఫ్యాక్టర్) 169.44 తో గుణిస్తే 12,70,800 రూపాయలు. నెల లోపు కట్టలేదు కాబట్టి 12 శాతం వడ్డీ, సరైన కారణం చూపించకపోతే 50 శాతం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చు.

అప్లికేషన్ మాత్రం మీ పేరుతో వేయకండి, 18 దాటి ఆరోగ్యంగా ఉన్న కొడుకు ఈ చట్టంలో డిపెండెంట్ కాదు. అమ్మగారూ పెళ్లికాని చెల్లీ వేయాలి. కాంట్రాక్టర్‌తో పాటు బిల్డర్‌ని కూడా పార్టీ చెయ్యండి, సెక్షన్ 12 ఉంది, కాంట్రాక్టర్ పారిపోయినా బిల్డర్ కట్టి తర్వాత ఆయన దగ్గర వసూలు చేసుకుంటాడు. గడువు రెండేళ్లు, అంటే 2026 అక్టోబర్ లోపు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం స్థానంలో కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది గానీ ప్రమాదం అంతకు ముందుది కాబట్టి మీ హక్కు పాత చట్టం ప్రకారమే.

నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్ కూడా ఒకసారి తీసి చూడండి. ఏటా మే చివర్లో 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. 436 కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, అదో 2 లక్షలు. క్లెయిమ్ లేటయింది నిజమే, అయినా బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి, నోటిమాటకి తిరిగి రావద్దు. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే లేబర్ ఆఫీసులో అదీ అడగాలి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. పొలంలో చేత్తో కలుపు తీసే కూలీకి ఈ పాత చట్టం వర్తించడం కష్టం, ట్రాక్టరో కరెంటు యంత్రమో వాడే వ్యవసాయ పనినే చట్టం వర్తించే పనుల జాబితా (షెడ్యూల్)లో పెట్టారు. పిడుగుకి ఎక్కువగా బలయ్యేది పొలాల్లో వాళ్లే, అందుకే ఇది తలుచుకున్నప్పుడల్లా బాధేస్తుంది. వాళ్లకి మిగిలేది ఎక్స్‌గ్రేషియా, బీమాలే, అవి రావాలంటే శరీరం కోస్తారని బాధపడి పోస్టుమార్టం లేకుండా దహనం చేసెయ్యకండి. మేస్త్రీలూ, కాంట్రాక్టర్లూ, ఉరుము వినపడితే స్లాబ్ మీంచి మనుషుల్ని దించెయ్యండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎక్కించకండి, పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫ్రీనే, సైట్‌లో ఒక్కరి ఫోన్‌లో ఉన్నా చాలు.

బాబూ, మీరు పోస్టుమార్టం రిపోర్టు, పోలీసు పంచనామా, నాన్నగారి ఆధార్, ఆ రోజు పక్కన పని చేసిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రెడీ చేసుకోండి. తోటి కూలీలు వేరే ఊరికి వెళ్లిపోకముందే వాళ్లతో మాట్లాడండి, అక్కడే చాలా కేసులు నీరుగారిపోతాయి. అప్లికేషన్ అసిస్టెంట్ లేదా డిప్యూటీ లేబర్ కమిషనర్ దగ్గర వేస్తారు. లాయర్ ఫీజు కోసం అప్పు చెయ్యకండి, అమ్మగారు మహిళ కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్‌ని ఉచితంగా పెడుతుంది, 15100 కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు.