భూమి ఉచితంగా ఇస్తున్నా వలసదారులు అమెరికా నగరాల్లోనే ఎందుకు ఉండిపోయారు?

1880 తర్వాత ఇటలీ, ఆస్ట్రియా-హంగరీల నుంచి అమెరికా వెళ్లినవారిలో ఎక్కువమంది నగరాల్లో ఆగిపోయింది ప్రధానంగా చేతిలో డబ్బు లేకే. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం 160 ఎకరాలు దాదాపు ఉచితంగా ఇచ్చినా ఎడ్లు, నాగలి, తొలి పంట చేతికొచ్చేదాకా తిండి ఎవరూ ఇవ్వలేదు. మిల్లులో అయితే కొద్దిరోజుల్లోనే కూలి అందేది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు ఉక్కు మిల్లుల్లో, ఆస్ట్రియా-హంగరీ నుంచి వచ్చిన స్లోవాక్ కూలీలు రోజుకు 12 గంటలు కొలిమి వేడిలో పనిచేసేవారు. అద్దె గదుల్లో పగటి షిఫ్టు మనిషి లేచిన మంచం మీదే రాత్రి షిఫ్టు మనిషి నడుం వాల్చేవాడు.

వాళ్లకు సేద్యం రాదని చాలామంది అనుకుంటారు. ఇది తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా. వారిలో అధికులు రైతులు, రైతుకూలీలే. నాలుగు డబ్బులు కూడబెట్టి సొంతూళ్లో పొలం కొనుక్కోవాలని వచ్చినవారూ ఎందరో.