అద్దెలో మిగిలింది ఏసీ తినేస్తుందా?

ప్రశ్న: సముద్రం పక్కనున్న పెద్ద నగరంలో 11 ఏళ్లుగా అద్దెకు ఉంటున్నాం. ఇక్కడ సొంతిల్లు మా వల్ల కాదని తేలిపోయింది. తీరానికి బాగా దూరంగా, లోపలి ప్రాంతంలో ఉన్న ఒక నగరానికి మారిపోదామా అని ఆలోచిస్తున్నాం. ఇలాంటి ఇల్లే అక్కడ 40 శాతం తక్కువ అద్దెకు దొరుకుతోంది. నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఊరు మారితే జీతంలో 5 శాతం కోత పెడతామని కంపెనీ చెప్పింది. మావారు భవన నిర్మాణంలో సైట్ సూపర్‌వైజర్. అక్కడికి వెళ్లాక పని చూసుకుంటానంటున్నారు. వెళ్లగానే ఇల్లు కొనేయాలని కూడా ఆయన తొందర. నా భయమల్లా ఎండల గురించే. వేసవిలో అక్కడ 42, 43 డిగ్రీలు మామూలేనట. 71 ఏళ్ల మా అత్తగారు మాతోనే ఉంటారు, బీపీ మందులు వాడతారు. అద్దెలో మిగిలేదంతా కరెంటు బిల్లులకే పోతుందా?

జవాబు: పోదండీ. ఎండ తినేది ఉంటుంది కానీ, మీరు అనుకుంటున్నంత కాదు. మీ ఉత్తరంలో అంతకంటే పెద్ద చిల్లు ఇంకోటి ఉంది, దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ముందు లెక్క చూద్దాం.

మీరు పంపిన అసలు అంకెలు నలుగురిలో పెట్టడం బాగుండదు కాబట్టి, మీ ఇప్పటి నెల అద్దెను 100 అనుకుంటాను. మిగతావన్నీ దాన్ని బట్టే. ఆ కొలతలో మీ జీతం 200, మీవారిది 150, వేసవి కరెంటు బిల్లు 8.

కొత్త ఊళ్లో అద్దె 60. నెలకు 40 మిగులు, ఏడాదికి 480. ఇందులోంచి ఎండ ఖర్చు తీసేద్దాం. వేసవి నాలుగు నెలలూ కరెంటు బిల్లు 8 నుంచి 20కి పెరిగిందనుకోండి. నెలకు 12 చొప్పున 48. ఇంకో ఏసీ, ఒక మంచి కూలర్, ఇన్వర్టర్, బ్యాటరీ, మందపాటి కర్టెన్లు కలిపి 240 అవుతుందని, ఎనిమిదేళ్లు వస్తాయని అనుకుంటే ఏడాదికి 30. సర్వీసింగు, గ్యాస్ నింపడం, చిన్న రిపేర్లు 12. మొత్తం 90. అంటే మిగులులో అయిదో వంతు కూడా కాదు. బిల్లు నేను అనుకున్నదానికి రెట్టింపు వచ్చినా లెక్క తలకిందులు కాదు.

అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. ఈ ఖర్చుకు ఒక పాడు గుణం ఉంది. ఏడాదంతా సర్దుకుని రాదు, నాలుగు నెలల్లో మీద పడుతుంది. పైగా చాలాచోట్ల కరెంటు ధర శ్లాబుల్లో ఉంటుంది, ఎక్కువ వాడేకొద్దీ యూనిట్ రేటే పెరుగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి జోరు మీద నడిస్తే గంటకు ఒకటిన్నర యూనిట్ల దాకా తీసుకుంటుంది. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక తగ్గుతుంది కాబట్టి సగటున గంటకు ఒక యూనిట్ అనుకున్నా, రెండు ఏసీలు రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 600 యూనిట్లు. అందుకని ఆ 90ని పన్నెండుతో భాగించి, నెలనెలా ఏడున్నర చొప్పున విడి ఖాతాలో వేస్తూ వెళ్లండి. కంప్రెసర్ పాడయ్యేది కూడా నడి వేసవిలోనే, మెకానిక్ ఫోన్ ఎత్తని రోజుల్లోనే.

ఇక డిగ్రీల సంగతి. తీరంలో చూసే 34నీ, లోపలి ఊళ్లో చూసే 42నీ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే అంతే బరువున్న ఎండు నేలకు పట్టేదానికి దాదాపు అయిదు రెట్ల వేడి కావాలి. అందుకే సముద్రం నిదానంగా వేడెక్కుతుంది, మధ్యాహ్నం దాని మీద నుంచి గాలి వీస్తుంది. కానీ ఆ గాలితో తేమ కూడా వస్తుంది. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలిని నీళ్లతో ఎంత చల్లబరచాలని చూసినా 30 డిగ్రీల కిందికి దిగదు. 42 డిగ్రీలున్నా తేమ 15 శాతమే అయితే అదే గాలి 22 దాకా దిగగలదు. దీన్నే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. మీ ఊళ్లో కూలర్ కొన్నవాళ్లంతా తిట్టుకోవడానికీ, అక్కడ ఇంటింటా కూలర్ ఉండటానికీ కారణం ఇదే. మంచి కూలర్ పొడి గాలిలో 42ని 26, 27కి తెస్తుంది. తీసుకునే కరెంటు 200 వాట్లు, అటూ ఇటూగా. ఏసీతో పోలిస్తే ఏడో వంతు. కరెంటు పోయినప్పుడు కూలర్‌ను మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద నడపొచ్చు, ఏసీని నడపలేం.

దానికి రెండు షరతులున్నాయి. ఒకటి, వానలు మొదలై తేమ పెరిగాక కూలర్ పనికిరాదు, ఆ కొన్ని వారాలు ఏసీయే గతి. రెండు, అది నీళ్లు తాగుతుంది, గంటకు కొన్ని లీటర్లు. నడి వేసవిలో నీళ్లకు కరువున్న వీధిలో ఇల్లు తీసుకుంటే కూలర్ పెట్టుకునీ లాభం లేదు. ఇల్లు చూసేటప్పుడు ఓనర్ని కాదు, పక్కింటివాళ్లను అడగండి: ఎండాకాలం నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ట్యాంకర్‌కు ఎంత పెడుతున్నారు అని.

ఇంకోమాట. అందరూ పగటి ఉష్ణోగ్రతే చూస్తారు, మీరు రాత్రిది చూడండి. పొడి నేల పొద్దు వాలగానే వేడి వదిలేస్తుంది కాబట్టి లోపలి ఊళ్లలో రాత్రులు చల్లబడాలి. కానీ కాంక్రీటు, తారు కమ్మేసిన పేటల్లో ఆ లాభం ఉండదు. ఊరి మధ్య రాత్రి గాలి పక్క పల్లెల కంటే వెచ్చగా ఉంటుందని లండన్‌లో ల్యూక్ హోవార్డ్ 200 ఏళ్ల కిందటే కొలిచి చెప్పాడు. ఒకే ఊళ్లో చెట్లున్న కాలనీకీ, బజారు నడిబొడ్డుకీ తేడా ఉంటుంది. వాతావరణ శాఖ రికార్డుల్లో వేసవి నెలల కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూడండి. కనిష్ఠమే 28, 29 ఉండే రాత్రులు వరసగా వస్తుంటే ఏసీ తెల్లవార్లూ నడుస్తుంది. నా లెక్కలో 20 అన్న బిల్లు అప్పుడు 28 అవుతుంది.

ఇప్పుడు ఇల్లు. 60కి దొరికే ఇళ్లన్నీ ఒకటి కావు. వేసవి ఊళ్లలో మరీ చవగ్గా దొరికే ఇల్లు చాలాసార్లు పై అంతస్తులోదో, పడమటి గోడ మొత్తం ఎండకు అప్పగించినదో అయి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాంటి వాటాలో దిగాను. అద్దె తక్కువని గొప్పలు కూడా చెప్పుకున్నాను. స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటికి మా మీద కక్కేది. చాప చుట్టుకుని డాబా మీదికి పోవడం, తెల్లారి ఆఫీసులో కునికిపాట్లు. చివరికి రెండు సెలైన్లు కూడా ఎక్కించుకున్నాక ఆ సంవత్సరం ఏం మిగిలిందో లెక్క వేయడానికి నాకే మనసు రాలేదు.

అందుకే నా సలహా, 60కి వచ్చే ఇల్లు వద్దు, 68 పెట్టండి. మధ్య అంతస్తు, రెండు వైపులా కిటికీలు, పడమట పక్క బిల్డింగో చెట్టో అడ్డం ఉన్నది. ఏడాదికి 96 ఎక్కువ. అందులో కొంత కరెంటు బిల్లు తగ్గి వెనక్కి వస్తుంది, మిగతాది నిద్రకు కట్టే అద్దె. ఇల్లు చూడటానికి ఉదయం వెళ్లకండి. మధ్యాహ్నం మూడున్నరకు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఇంకోసారి వెళ్లి పడమటి గోడ మీద చెయ్యి పెట్టండి. చెయ్యి చురుక్కుమంటే బ్రోకర్‌కు నమస్కారం పెట్టి వచ్చేయండి. తప్పనిసరై పై అంతస్తే తీసుకుంటే, డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తాననే మాట అగ్రిమెంట్‌కు ముందే ఓనర్ నుంచి తీసుకోండి. ఏసీని 22 దగ్గర కాక 26 దగ్గర పెట్టి ఫ్యాన్ తిప్పుకోండి. డిగ్రీ పెంచిన ప్రతిసారీ సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుంది.

ఇప్పుడు మళ్లీ లెక్కకు వద్దాం. 480లో ఎండకు 90, మంచి ఇంటికి 96 పోగా 294. మీ జీతం కోత నెలకు 10, ఏడాదికి 120. మిగిలింది 174. సామాను తరలింపు, బ్రోకర్ కమీషన్ లాంటి ఒకసారి ఖర్చు 120 అనుకుని మూడేళ్లకు పంచితే 40. ఏడాదికి నాలుగుసార్లు పాత ఊరికి వచ్చిపోవడానికి 32. చివరికి చేతిలో ఉండేది 102. అంటే ఏడాదికి ఇప్పటి మీ ఒక నెల అద్దె.

చూశారా, మీరు పట్టించుకోని ఆ 5 శాతం కోత, మీరు భయపడిన ఎండ కంటే ఎక్కువ తినేసింది. అసలు చిల్లు ఇంకా రాలేదు. మీవారు వెళ్లాక పని చూసుకుంటానన్నారు కదా. మూడు నెలలు పని దొరక్కపోతే పోయేది 450. నాలుగేళ్లకు పైగా దాచుకునేది మూడు నెలల్లో ఖాళీ. 150 వచ్చే మనిషికి అక్కడ 130 ఇస్తే ఏడాదికి 240 తగ్గుతుంది, మారడమే నష్టం అవుతుంది. ఊరు చవకైతే ఆ ఊళ్లో జీతాలూ చవకే కావొచ్చు, అద్దె బోర్డులు చూసేటప్పుడు ఇది గుర్తుకు రాదు.

పైగా ఆయనది ఎండలో నిలబడి చేసే పని. వేడి వల్ల 2030 నాటికి ప్రపంచం మొత్తం మీద పని గంటల్లో 2.2 శాతం పోతాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. వ్యవసాయం తర్వాత ఎక్కువ దెబ్బ తగిలేది నిర్మాణ రంగానికే. మధ్యాహ్నం పని ఆపేస్తే ఆయనకు జీతం ఆగుతుందా, నెల జీతమా, రోజు లెక్కా అన్నది ఇంటర్వ్యూలోనే అడగమనండి. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా సామాను కట్టొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే ఉంటాను. మీరు కూడా ఆ 5 శాతాన్ని 3కి తేగలరేమో కంపెనీతో మాట్లాడి చూడండి. అడిగితే పోయేదేం లేదు.

అత్తగారి గురించి డబ్బు లెక్క వేయను. బీపీ మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి, ఎండాకాలంలో వాటితో జాగ్రత్త అవసరం. వేసవికి ముందే డాక్టరుకు చూపించి మోతాదు సంగతి అడగండి, మీ అంతట మీరు మానిపించొద్దు. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఇంట్లో ఒక్క ఏసీయే పెట్టగలిగితే అది ఆవిడ గదిలో ఉండాలి, అందరూ మధ్యాహ్నం అక్కడే కూర్చోండి. ఆరోగ్య బీమా కొత్త ఊరి ఆసుపత్రుల్లో నగదు రహితంగా పనిచేస్తుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

కొనడం మాత్రం ఇప్పుడే వద్దు. కనీసం ఒక పూర్తి వేసవి అద్దె ఇంట్లో గడపండి. మీవారికి ఇది నచ్చదు, ధరలు పెరిగిపోతాయంటారు. పెరగనివ్వండి. ఒక ఏడాది పెరిగే ధర కంటే, నచ్చని ఊళ్లో కొన్న ఇంటిని అమ్ముకుని బయటపడటానికయ్యే రిజిస్ట్రేషన్, కమీషన్, లోన్ ఖర్చులు ఎక్కువ బాధపెడతాయి. ఇరవై ఏళ్ల లోన్ అంటే ఇరవై వేసవులు. 19వ శతాబ్దం రెండో సగంతో పోలిస్తే 2011–2020 నాటికి సముద్రం మీద 0.88 డిగ్రీలు పెరిగితే, నేల మీద 1.59 పెరిగిందని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) లెక్క. రేపు మీ ఇంటిని కొనేవాళ్లు కూడా పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తారు. కొనేటప్పుడు చదరపు అడుగులు కాస్త తగ్గినా నీడ, గాలి, నీళ్లు ఉన్నదే తీసుకోండి.

మీవారి ఆఫర్ లెటర్ వచ్చాక ఆ జీతం అంకె, సెలెక్ట్ చేసుకున్న ఇంటి అద్దె రాసి పంపండి. ఆ 102 ఎంతగా మారుతుందో మళ్లీ వేసి చెబుతాను.