ఉప్పు నీళ్ల పేరుతో గీజర్ వారంటీ నిరాకరించవచ్చా?

ప్రశ్న: మాది కాజీపేట. 2024 నవంబరులో హనుమకొండలోని ఒక దుకాణంలో 15 లీటర్ల గీజర్ కొన్నాము. ట్యాంకుకు ఐదేళ్లు, కాయిల్‌కు రెండేళ్లు వారంటీ అని కార్డులో ఉంది. మొన్న డిసెంబరులో చలి ముదిరిన రోజుల్లో ట్యాంకు కారడం మొదలైంది. నీళ్లు సరిగ్గా వేడెక్కడం లేదు. ఒకరోజు నల్లా తిప్పగానే మా అమ్మకు షాక్ కొట్టి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. సర్వీసు వాళ్లు చూసి, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి వారంటీ వర్తించదని, డబ్బు కడితే పాత గీజర్ తీసుకుపోయి కొత్తది బిగిస్తామని అన్నారు. మేము ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఆ గీజర్‌ను వాడటం పూర్తిగా ఆపండి, కానీ దాన్ని ఎవరికీ అప్పగించకండి. మీ కేసుకు అదే ప్రధాన సాక్ష్యం. వస్తువులో లోపం ఉందో లేదో పరీక్షించకుండా తేల్చలేనప్పుడు దాన్ని ప్రయోగశాలకు పంపించి, సాధారణంగా 45 రోజుల్లో నివేదిక తెప్పించుకునే అధికారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. పాత ట్యాంకు కంపెనీ గోదాముకు చేరిపోయిన తరువాత పరీక్షించడానికి ఏమీ మిగలదు.

ఇక ఉప్పు నీళ్ల వాదన. నోటిమాటగా చెప్పినంత మాత్రాన వారంటీ రద్దు కాదు. వారంటీ కాలంలోనే ట్యాంకు పాడైందని మీరు చూపించిన తరువాత, ఫలానా మినహాయింపు వర్తిస్తుందని నిరూపించవలసిన భారం ఆ మినహాయింపును ముందుకు తెచ్చిన కంపెనీపైనే పడుతుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి కాయిల్ మీద తెల్లగా గట్టిపడతాయన్నది, దానివల్ల కాయిల్ మితిమీరి కాలి పాడవుతుందన్నది నిజమే. అయితే కాయిల్ కాలిపోవడం వేరు, ట్యాంకు అతుకు దగ్గర చిల్లు పడటం వేరు. మీకు రెండింటికీ కలిపి ఒకే కారణం చెప్పారు. అందువల్ల నీళ్లు ట్యాంకు నుంచి కారుతున్నాయా, సేఫ్టీ వాల్వు నుంచా, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే లోపలి మెగ్నీషియం కడ్డీ ఏ స్థితిలో ఉంది అన్నవి సర్వీసు వాళ్లు పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద రాసి సంతకం చేయమని అడగండి. నీళ్లు వేడెక్కేటప్పుడు వాల్వు నుంచి కొద్దిగా చుక్కలు పడటం లోపం కాదు కనుక ఈ తేడా ముఖ్యం.

అలాగే 'ఉప్పు ఎక్కువ' అన్న మాటకు ఒక అంకె ఉండాలి. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని (కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదును) ఆమోదయోగ్యమని, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని చెబుతుంది. వారంటీ కార్డులో కంపెనీ పెట్టిన పరిమితి ఎంత, మీ నీటిలో కాఠిన్యాన్ని ఎప్పుడు, దేనితో కొలిచారు అని లిఖితపూర్వకంగా అడిగి, మీరు కూడా అదే నీటిని పరీక్ష చేయించి నివేదిక దగ్గర పెట్టుకోండి. బోరు నీళ్లతో బతికే ఇళ్లు ఇన్ని ఉన్న మన ప్రాంతంలో ఈ షరతును అమ్మేటప్పుడు చెప్పకుండా, పాడైన తరువాత బయటపెట్టడం అన్యాయమనే నా అభిప్రాయం. అయినా, షరతే అన్యాయమైన ఒప్పందమని ఫిర్యాదు చేస్తే అది జిల్లా కమిషన్ పరిధిలోకి రాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లవలసి ఉంటుంది. కాబట్టి మీ ఫిర్యాదును వస్తువులో లోపం, సేవలో లోపం అన్న రెండింటికే పరిమితం చేయండి.

మీ అమ్మగారికి తగిలిన షాక్ నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఆమె గీజర్ కొనకపోయినా, కొన్నవారి అనుమతితో వాడుతున్న వ్యక్తి కనుక చట్టం దృష్టిలో ఆమె కూడా వినియోగదారే. తయారీ లోపం వల్ల శరీరానికి హాని జరిగితే తయారీదారు నుంచి పరిహారం కోరే హక్కును 84వ సెక్షన్, బిగించిన తీరులో లోపముంటే సేవ చేసినవారిని బాధ్యులను చేసే మార్గాన్ని 85వ సెక్షన్ ఇస్తున్నాయి. కానీ మీ ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే, లేదా మధ్యలో తెగి ఉంటే, ఈ భాగం చాలా బలహీనపడుతుంది. ఆ సంగతి దాచి కేసు వేయవద్దు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించి నివేదిక రాయించుకోండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో 'విద్యుత్ షాక్' అని కారణం రాసి ఉందో లేదో కూడా చూడండి.

ఇవన్నీ చేతికి వచ్చాక దుకాణానికి, కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. చిన్న మొత్తాల విషయంలో కొన్నిసార్లు అక్కడే పరిష్కారం దొరుకుతుంది. దొరకకపోతే, కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువు ధర ఐదు లక్షలు దాటలేదు కనుక ఫీజు ఉండదు, న్యాయవాదిని పెట్టుకోవడం కూడా తప్పనిసరి కాదు. ట్యాంకు కారడం మొదలైన రోజు నుంచి రెండేళ్లు లెక్కపెట్టి, ఆ లోపే ఫిర్యాదు దాఖలు చేయండి. హెల్ప్‌లైన్‌లో నడిచే సంప్రదింపుల వల్ల ఆ గడువు ఆగదు.